మూడంకణాల మిద్దె: ఒక్క మాట మీద మూడేళ్లు నడిచిన దావా

జమ్మలమడుగు నుంచి బస్సులో అరగంట దూరంలో, పెన్న ఒడ్డున ఒక పల్లె ఉంది. అక్కడ రెండడుగుల వెడల్పు, ఇరవై నాలుగడుగుల పొడవు ఉన్న చోటు కోసం దాయాదులు కోర్టుకెక్కారు. మొత్తం 48 చదరపు అడుగులు. వెడల్పు రెండడుగులే కాబట్టి అందులో నులక మంచం కూడా పట్టదు. దావా 2022లో పడింది, మూడేళ్లు నడిచింది. నేను ప్రతివాది తరఫు వకీలును.

తగాదా అంతా ‘అంకణం’ అనే ఒక్క మాట మీద నడిచింది. కడప జిల్లాలో పాత ఇళ్ల పంపకాల దస్తావేజులు చూసేవాళ్లకు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. నేను ఎక్కడ తప్పటడుగు వేశానో కూడా దాచకుండా రాస్తున్నాను. ఊరి పేరు, కక్షిదారుల పేర్లు మాత్రం రాయడం లేదు.

ఇల్లు, దస్తావేజు

1958లో ఇద్దరు అన్నదమ్ములు తండ్రి ఇంటిని పంచుకుని పారీఖత్తు (పంపకాల దస్తావేజు) రాసుకున్నారు, రిజిస్టరు చేయించారు. అన్నగారి కోడలు నా కక్షిదారు, డెబ్బై దాటిన మనిషి. తమ్ముడి మనవడు వాది. అతనికి తిరుపతిలో ఉద్యోగం. వరసకు ఆమె అతనికి పెద్దమ్మ అవుతుంది. కోర్టు వరండాలో కూడా అతను ఆమెను పెద్దమ్మా అనే పిలిచేవాడు, ఆమె పలికేది.

దస్తావేజు గొలుసుకట్టు రాతలో ఉంది. ముఖ్యమైన వాక్యం ఇది: “మన తండ్రిగారి అయిదంకణముల మట్టి మిద్దెలో పడమటి మూడంకణములు పెద్దవానికిన్ని, తూర్పు రెండంకణములు చిన్నవానికిన్ని చెందవలసినది. తల్లిని పోషించు నిమిత్తము పెద్దవానికి ఒక అంకణము హెచ్చుగా ఇవ్వబడినది.” ఆ తర్వాత వెనుక దొడ్డి సంగతి వస్తుంది. ఉత్తర దక్షిణాలు 12 గజాలు, తూర్పు పడమరలు 13 గజాలు, ఇద్దరికీ చెరి సగం. చివర “ఇక మనకు ఉమ్మడి ఆస్తి ఏదియు లేదు” అని ముగించి వేలిముద్రలు వేశారు.

చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, చూస్తే తేలిపోతుందనుకుంటాం కదా. పెద్దవాని భాగానికి తూర్పు హద్దు ‘చిన్నవాని భాగం’, చిన్నవాని భాగానికి పడమటి హద్దు ‘పెద్దవాని భాగం’. అద్దానికి అద్దం ఎదురుగా పెట్టినట్టు. సర్వే కాగితాలూ ఆదుకోవు. పొలాలకైతే 66 అడుగుల గొలుసు, నూరు లింకుల లెక్కన కొలిచి గీసిన ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) ఉంటుంది. ఇల్లున్నది గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్లుండే జాగాలో. లోపల ఎవరి ఇల్లు ఎంతో పాత సర్వేలో విడదీసి కొలవలేదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోనులతో పల్లెల ఇళ్లను కొలుస్తున్నారు, మంచిదే. కానీ డ్రోనుకు కనపడేది మిద్దె పైభాగం. ఈ తగాదా ఉన్నది మిద్దె కింద.

మట్టి మిద్దె సంగతి తెలియని పిల్లలు ఇప్పుడు వకీళ్లయ్యారు కాబట్టి కొంచెం చెప్పాలి. రాతిగోడలు రెండడుగుల మందం ఉంటాయి. ముందు గోడ నుంచి వెనుక గోడకు దూలాలు వేస్తారు. ఈ ఇంట్లో ఆ దూరం ఇరవై నాలుగడుగులు కాబట్టి ఒక్కొక్క దూలం కింద మధ్యలో రెండేసి స్తంభాలున్నాయి. దూలం నుంచి దూలానికి అడ్డంగా దంతెలు, అంటే సన్నపాటి కర్రలు, పేరుస్తారు. వాటి మీద కొందరు పుల్లలు, బోద పరుస్తారు, కొందరు బండలు పరుస్తారు. ఎర్రగుంట్ల దగ్గరే కదా, బండలకు కొదవ లేదు. ఆపైన చవుడు మట్టి పోసి దిమ్మిస చేస్తారు. వాన పడితే ఆ మట్టి నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఆ బరువంతా మోసేది దంతె. అందుకే దంతె పొడవుగా ఉండకూడదు. దూలానికీ దూలానికీ నడుమ ఆరేడు అడుగుల దూరం ఉండేది ఆ భయంతోనే. ఆ నడిమి చోటే అంకణం.

ఈ ఇంటికి నాలుగు దూలాలు. నాలుగు దూలాలకు ఐదు అంకణాలు, ఎందుకంటే రెండు చివరలా దంతెల కొసలు గోడల మీద కూర్చుంటాయి. పడమటి గోడ నుంచి మూడో దూలం దాకా అన్న భాగం, అక్కడి నుంచి తూర్పు గోడ దాకా తమ్ముడి భాగం. అరవై ఏళ్లు అలాగే ఉన్నారు. నడుమ గోడ కట్టుకోలేదు. మూడో దూలం కింద ఒక తడిక ఉండేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ తడిక ఎప్పుడు ఏ స్తంభానికి ఇటు జరిగిందో, అటు జరిగిందో మాత్రం ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పారు.

2021 నవంబరు వానలకు తూర్పు భాగం కూలింది. నాలుగో దూలం విరిగింది, మూడోది ఒరిగింది. మనవడు తిరుపతి నుంచి వచ్చి మట్టి తీయించాడు, రెండు దూలాలూ తీయించాడు. పెద్దమ్మ మిద్దె కూలకుండా కింద ఊతకర్రలు పెట్టించాడు, ఆ మర్యాద పాటించాడు. తర్వాత కొత్త కాంక్రీటు ఇంటికి పునాది తవ్వించాడు. పడమటి గోడ లోపలి ముఖం నుంచి సరిగ్గా 19 అడుగుల దగ్గర గోతి పడింది. ముసలామె అడ్డం కూర్చుంది. అతను దావా వేశాడు.

వాది లెక్క

గోడల నడుమ ఇల్లు తూర్పు పడమరలు 35 అడుగులు, ఉత్తర దక్షిణాలు 24. మొత్తం 840 చదరపు అడుగులు. వాది ఇలా లెక్కకట్టాడు. అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. మూడంకణాలు 216, రెండంకణాలు 144, కలిపి 360. మిగిలిన 480 అడుగులు పంచుకోలేదు కాబట్టి ఉమ్మడి. అందులో సగం 240. తనకు 144, దానికి తోడు 240, మొత్తం 384. లోతు 24 కాబట్టి వెడల్పు 16 అడుగులు. తవ్విన చోటు సరైనదే.

కూడికలో, గుణకారంలో ఒక్క తప్పు లేదు. అంత శుభ్రమైన లెక్క చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది.

ఈ లెక్క అతని తలలో పుట్టింది కాదు. 2016లో అతని తండ్రి అతనికి సెటిల్‌మెంటు దస్తావేజు రాసిచ్చాడు. అందులో “రెండంకణాలు, అనగా 16 చదరపు గజాలు, మరియు ఉమ్మడి స్థలములో సగము” అని ఉంది. ఆ ‘అనగా’ ఎలా వచ్చిందో నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది. ఇప్పటి దస్తావేజుల్లో విస్తీర్ణం రాయకపోతే పని జరగదు. పాత కాగితంలో అంకణాలు తప్ప అంకెలు లేవు. రాసేవాడు తనకు తెలిసిన అంకణాన్ని తీసుకుని గుణించి ఆ గడి నింపేస్తాడు. మిగిలిన స్థలానికి పేరు లేకుండా పోయింది గనుక దానికి ‘ఉమ్మడి’ అని పేరు పెడతాడు. ఆ ఒక్క గడి నింపడానికి చేసిన గుణకారం ఆరేళ్ల తర్వాత దావాగా మొలిచింది.

నా తప్పు

జవాబుదావా చిత్తు రాసేటప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అంకణం 72 అడుగులు కాదు, 36 అడుగులు అని రాశాను. తిరుపతిలో స్థలాల బేరాలు 36 అడుగుల అంకణం మీద నడుస్తాయి. ఆరుకు ఆరు. వాది ఉండేదే తిరుపతిలో, అతనుండే ఊళ్లోనే ఈ లెక్క చెల్లదు కదా అని నా తెలివి. ఎదుటివాడి అంకెను కొట్టేస్తే చాలనుకున్నాను.

రాత్రి ఇంటికి వెళ్లి లెక్క వేసి చూస్తే గుండె జారింది. 36 లెక్కన మూడంకణాలు 108, రెండంకణాలు 72. కలిపి 180. ఉమ్మడి 660. సగం 330. వాదికి 402 చదరపు అడుగులు, అంటే పదహారు అడుగుల తొమ్మిదంగుళాల వెడల్పు. నా వాదన నెగ్గితే నా కక్షిదారుకు ఇంకో తొమ్మిదంగుళాలు పోతుంది. అంకణం ఎంత చిన్నదైతే ఉమ్మడి అంత పెద్దది. మరి ఆమెకు ఆమె భాగం పూర్తిగా దక్కాలంటే అంకణం ఎంత ఉండాలి? 168 చదరపు అడుగులు. అలాంటి అంకణం ఏ ఊళ్లోనూ లేదు.

మర్నాడు ఆమె వచ్చింది. కొంచెం తడబడుతూనే అడిగాను, “అవ్వా, మీ ఊళ్లో అంకణం అంటే ఎన్ని అడుగులు?”

ఆమె నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. “అంకణాన్ని ఎవరైనా కొలుస్తారా నాయనా? ఎంచుతారు గాని.”

దావాలో నేను చేయవలసిన వాదన మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. ఇద్దరు వకీళ్లం చేరి అంకణం ఎంత అని కొట్టుకుంటున్నాం. అది ఎంత అన్న ప్రశ్నకు జవాబయ్యే మాటే కాదు. ఎన్ని అన్న ప్రశ్నకు జవాబయ్యే మాట. ఒక ఇంట్లో అంకణాలు ఎన్నో చెప్పవచ్చు, ఎంతో చెప్పాలంటే ఆ ఇంట్లోకి వెళ్లాలి. చిత్తు చించేశాను. కోర్టులో వేయకముందే చించాను, అదొక్కటే నా అదృష్టం. 36 అని ఒకసారి జవాబుదావాలో పడి ఉంటే, అంకణం ఒక కొలత అని మేమే ఒప్పుకున్నట్టయ్యేది.

దస్తావేజును మళ్లీ చదివాను. ఈసారి దొడ్డి దగ్గర ఆగాను. ఇంటికి అంకణాలు రాసిన చేయే దొడ్డికి గజాలు రాసింది. అంటే ఆ రాసినాయనకు కొలవడం వచ్చు, కొలత కావలసిన చోట కొలిచాడు. దొడ్డి ఖాళీ జాగా. దాంట్లో ఎంచడానికి ఏమీ లేదు కాబట్టి కొలిచాడు. ఇంట్లో దూలాలున్నాయి, తలెత్తితే కనపడతాయి, వాటిని ఎంచితే చాలు కాబట్టి ఎంచాడు. పైగా దొడ్డి వెడల్పు 13 గజాలంటే 39 అడుగులు. గోడల లోపల 35, రెండు గోడల మందం నాలుగు. సరిగ్గా ఇంటి వెడల్పే. కొలిచిన చోట అంగుళం తేడా రాకుండా కొలిచిన మనిషి, ఇంటి దగ్గరికి వచ్చేసరికి సగానికి పైగా ఇంటిని లెక్కలోంచి వదిలేసి “ఇక ఉమ్మడి ఆస్తి ఏదియు లేదు” అని రాస్తాడా? తల్లి పోషణ కోసం ఒక అంకణం ఎక్కువ ఇస్తున్నామని ప్రత్యేకంగా రాసిన కుటుంబం 480 అడుగుల ఉమ్మడి గురించి ఒక్క ముక్క రాయకుండా ఉంటుందా?

నిఘంటువులు, సెక్షన్లు

కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లాను. ఈ జిల్లాలో తెలుగు మాట మీద తగాదా వస్తే అక్కడికి వెళ్లకుండా ఉండలేం. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో అంకణానికి దూలాల నడుమ, స్తంభాల నడుమ ఉండే చోటు అనే అర్థమే ఉంది. బలమే. కానీ నిఘంటువు చూపిస్తే ఎదుటి వకీలు ఇంకో నిఘంటువు తెస్తాడు, కొలత అనే అర్థమూ దొరక్కపోదు. రెండర్థాలూ నిజమే కాబట్టి పండితుల సాక్ష్యంతో ఈ దావా తేలదు. ఇంటి అంకణం నుంచే కొలత అంకణం పుట్టి ఉంటుందని నా ఊహ. ఊహను కోర్టులో పెట్టలేం కదా.

హిందూపురం మిత్రుడొకడు ఇంకో సంగతి చెప్పాడు. కన్నడంలో కూడా ఈ మాట ఇంట్లో ఇదే అర్థంలో ఉందట. అంతేకాదు, అక్కడ పత్రికలో వారం వారం రాసే శీర్షికను కూడా ‘అంకణ’ అంటారు. పత్రిక పేజీలో నిలువు గీతల నడుమ చోటు కదా, దూలాల నడుమ చోటు లాంటిదే. దావాకు పనికిరాకపోయినా విన్న రోజంతా సంతోషంగా ఉన్నాను. అన్నట్టు, దస్తావేజుకు టైపు ప్రతి తీసినవాళ్లు గొలుసుకట్టు చదవలేక రెండు చోట్ల ‘అంగణము’ అని కొట్టారు. అంగణమంటే ముంగిలి. మూడు ముంగిళ్ల మిద్దె ఎక్కడుంటుంది? అసలు ప్రతి చూడకుండా టైపు ప్రతి మీద వాదన కట్టవద్దని అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతున్నాను.

చట్టం విషయానికి వస్తే, దావా 2022లో పడింది కాబట్టి 1872 నాటి సాక్ష్య చట్టమే వర్తించింది. 2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, అప్పటికే నడుస్తున్న దావాలకు పాతదే. దస్తావేజు వయసు ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి 90వ సెక్షన్ కింద దాన్ని రుజువు చేసే బాధ లేదు. ఎదుటివాళ్లు 92వ సెక్షన్ పట్టుకున్నారు. రాతలో ఉన్న షరతును నోటి సాక్ష్యంతో మార్చకూడదన్నది వాళ్ల అభ్యంతరం. మేం మార్చడం లేదు, అర్థం చెబుతున్నాం అన్నది మా జవాబు. అందుకు 98వ సెక్షన్ ఉంది. చదవడానికి వీలుకాని రాతకు, పాతబడిన మాటలకు, వృత్తుల వాళ్ల మాటలకు, ఒక ప్రాంతంలో మాత్రమే వాడే మాటలకు అర్థమేమిటో చూపడానికి సాక్ష్యం ఇవ్వవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ అర్థం ఎవరు చెప్పాలన్న దానికి 49వ సెక్షన్. ఒక జిల్లాలో గాని, ఒక వర్గం వాళ్లు గాని వాడే మాటల అర్థం తేల్చవలసి వస్తే, ఆ సంగతి ప్రత్యేకంగా తెలిసినవాళ్ల అభిప్రాయం కోర్టుకు పనికివస్తుంది. మామూలుగా ఈ సెక్షన్ ఎవరూ తెరవరు. ఇన్నేళ్ల వకాల్తాలో నేనూ అదే మొదటిసారి తెరిచాను.

ప్రత్యేకంగా తెలిసినవాడు అంటే ఎవరు? బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వచ్చిన వాస్తు పదకోశం గుర్తొచ్చింది. ఇళ్లు కట్టేవాళ్ల మాటలను ఆ పనివాళ్ల నోటినే విని, ఏ ప్రాంతంలో ఏమంటారో చూసి కూర్చిన పుస్తకం అది. తెలుగు లెక్చరరును పిలవాలన్న ఆలోచన అక్కడే మానుకున్నాను. మాకు కావలసింది వడ్రంగి.

కమిషనర్ వచ్చిన రోజు

అర్థం తేలినా మూడో దూలం ఎక్కడుండేదో తేలాలి. అది అక్కడ లేదు కదా. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద, కోర్టు తరఫున స్థలం చూసి నివేదిక ఇచ్చే కమిషనర్‌ను వేయమని దరఖాస్తు పెట్టాం. సాక్ష్యం పోగు చేయడానికి కమిషనర్‌ను వాడుకోకూడదని ఎదుటివాళ్లు అభ్యంతరం చెప్పారు, అది ఎప్పుడూ ఉండేదే. స్థలంలో కనపడే ఆనవాళ్లు రాసి, కొలతలు తీయడం వరకే అనుమతి వచ్చింది. మాకు అంతే కావాలి.

మార్చి నెల ఎండ. ముందు గోడ తూర్పు సగం పడిపోయింది, వెనుక గోడ నిలబడే ఉంది. ఆమె మిద్దె తెగిన కొస దగ్గర నీలం టార్పాలిన్ వేలాడుతోంది. పడమటి నుంచి రెండు దూలాలు నల్లగా పొగచూరి తలపైన ఉన్నాయి. మొదటి అంకణం ఏడడుగుల ఒక అంగుళం. రెండోది ఆరడుగుల పది. ఈ రెండు అంకెలు రాయగానే వాది వకీలు ముఖం కొంచెం మారింది. పక్కపక్కనే ఉన్న రెండు అంకణాలే సమానంగా లేవు.

మూడో దూలం కోసం వెనుక గోడ చూశాం. ఎన్నో ఏళ్ల సున్నం పొరలు పొరలుగా ఉంది, ఎక్కడా ఏ గుర్తూ లేదు. ఆమె లేచి వచ్చి పిడికిలితో గోడను తడుతూ నడిచింది. రాయి ఉన్న చోట చప్పుడు రాలేదు. ఒకచోట డొల్లగా మోగింది. “ఇక్కడే” అంది. కమిషనర్ చాలా పద్ధతైన మనిషి. ఇద్దరి ఒప్పుదల లేకుండా గోడ గీకనివ్వనన్నాడు. వాది ఒప్పుకున్నాడు. అక్కడ ఏమీ ఉండదన్న నమ్మకంతో ఒప్పుకున్నాడో, పెద్దమ్మ ముందు కాదనలేక ఒప్పుకున్నాడో నాకు తెలియదు. మేస్త్రీ సున్నం గీకితే ఇటుక ముక్కలు, మట్టి వచ్చాయి. అవి తీస్తే పది అంగుళాల గూడు. లోపల చెదలు తిన్న వేప కర్ర ముక్క బెత్తెడు మిగిలి ఉంది. దూలం కొస.

గూడు నడిమి నుంచి పడమటి గోడకు టేపు పెట్టారు. ఇరవై అడుగుల ఏడంగుళాలు. నేల మీద కూలిన మట్టి పక్కకు తీస్తే స్తంభం కింది రాయి ఒకటి దొరికింది. దాని నడిమి నుంచి ఇరవై అడుగుల ఎనిమిది. ఒక అంగుళం వంకర దూలం, అంతే. కమిషనర్ రెండూ రాసుకున్నాడు. మూడో అంకణం ఆరడుగుల ఎనిమిది అంగుళాలని తేలింది.

ఇక్కడ నాకు ఒక చిక్కు వచ్చింది. మా జవాబుదావాలో మా భాగం 21 అడుగులని రాశాం. ముప్పై ఐదును ఐదుతో భాగించి మూడుతో గుణించి రాశాను. అంకణాలు కొలిచేవి కావని వాదిస్తున్న నేనే, అంకణాలన్నీ ఏడేసి అడుగులని అనుకుని గుణకారం చేశాను!

ఆచారి సాక్ష్యం

మేం సాక్షిగా పిలిచిన వడ్రంగి ఆచారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో చాలా మిద్దెలకు దూలాలు ఎత్తిన మనిషి. తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ ఇల్లు ఆయన కట్టింది కాదు, ఆ సంగతి మొదటే చెప్పించాను. అంకణం అంటే ఏమిటని నేను అడిగితే, బోనులో నిలబడి తలెత్తి కోర్టు హాలు కప్పు చూశాడు. కాంక్రీటు కప్పు. “దీనికి లేవు” అన్నాడు. జడ్జిగారు నవ్వు ఆపుకున్నారు.

ఎదుటి వకీలు చురుకైనవాడు, నాకంటే చిన్నవాడు. క్రాస్ ఎగ్జామినేషన్ ఇలా నడిచింది.

“అంకణం అంటే ఎన్ని అడుగులు?”

“ఏ ఇంటి అంకణం సార్?”

“మామూలుగా.”

“మామూలు ఇల్లు ఉండదు సార్. దంతెను బట్టి ఉంటుంది. దంతె దొరికినంత పొడవే అంకణం.”

“తిరుపతిలో అంకణం 36 అడుగులని మీకు తెలుసా?”

“స్థలాల వాళ్లు అంటారు, విన్నాను. అది పొలం గట్టున నిలబడి చెప్పే అంకణం. పైన దూలం లేనిది.”

“72 అడుగుల అంకణం కూడా ఉంది కదా?”

“ఉందేమో సార్. ఒకటి ముప్పై ఆరు, ఇంకొకటి డెబ్బై రెండు అని మీరే చెబుతున్నారు. ఈ ఇంటికి ఏది పెట్టమంటారు?”

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. నేనైతే ఆపేసేవాణ్ణి. ఆ వకీలు ఇంకో ప్రశ్న వేశాడు. “దూలం ఎవరిది? పెద్దవాడి అంకణంలోదా, చిన్నవాడి అంకణంలోదా?” మంచి ప్రశ్నే, దస్తావేజులో దానికి జవాబు లేదు. ఆచారి అరచేతిని కత్తిలా నిలబెట్టి చూపించాడు. “దూలం మీద రెండు వైపుల దంతెలూ కూర్చుంటాయి సార్. ఒకరిది ఎట్లా అవుతుంది? నడిమికి ఇద్దరిదీ.”

హద్దు గూడు నడిమికి పడుతుందని మేం చెప్పవలసిన ముక్కను వాది వకీలే రాబట్టి పెట్టాడు.

తీర్పు

కోర్టు మా అర్థాన్ని ఒప్పుకుంది. ఆ దస్తావేజులో అంకణం అంటే రెండు దూలాల నడిమి చోటేనని, విస్తీర్ణం కొలత కాదని రాసింది. ఇందుకు ప్రధానంగా చూపిన కారణం మా సెక్షన్లు కావు, దొడ్డికి రాసిన గజాలు. ఒకే కాగితంలో కొలిచిన చోటు, ఎంచిన చోటు వేరువేరుగా కనపడుతున్నాయని, ఇక ఉమ్మడి ఆస్తి లేదన్న వాక్యంతో వాది లెక్క పొసగదని చెప్పింది. 2016 దస్తావేజులో కొడుక్కు రాసిచ్చిన కొలత 1958 నాటి రెండో పక్షాన్ని కట్టిపడేయదు, ఇది ఎలాగూ తెలిసిందే. వాది మూడో దూలం నడిమి గీతకు తూర్పున కట్టుకోవచ్చు, పడమటికి రాకూడదు. గీత పడమటి గోడకు ఇరవై అడుగుల ఏడంగుళాలు.

మేం అడిగింది 21. ఐదంగుళాలు మాకు రాలేదు. ఇరవై నాలుగడుగుల పొడవున ఐదంగుళాలంటే పది చదరపు అడుగులు. అప్పీలుకు వెళదామా అని అడగడం నా ధర్మం కాబట్టి అడిగాను. “దూలం ఎక్కడుంటే అక్కడిదాకే నాది. ఆ ఐదంగుళాలు నువ్వు రాసినావు గాని నేను అడగలేదు” అంది. నిజమే. ఆ రోజు ఆమె ఎంచమంది, నేను భాగించాను.

వాది కూడా అప్పీలు వేయలేదు. గోతి పూడ్చి, గీత నడిమికి పడేలా ఉమ్మడి గోడ కడతానని కబురు చేశాడు. దానికి ఒక ఒప్పందం రాసి రిజిస్టరు చేయించుకుంటే రేపు ఆమె మనవలకూ ఇతని పిల్లలకూ మళ్లీ ఈ పేచీ రాదని చెప్పి నేనే చిత్తు రాశాను. షెడ్యూలులో “పడమటి మూడంకణాలు, అనగా పడమటి గోడ లోపలి ముఖం నుంచి మూడో దూలం గూడు నడిమి వరకు 20 అడుగుల 7 అంగుళాలు” అని ఎంచిందీ, కొలిచిందీ రెండూ పెట్టాను. పాత ఇంటి పంపకానికి కాగితం రాయవలసి వచ్చినప్పుడు నేనిప్పుడు ఇలాగే రాస్తున్నాను. గడి నింపే గుణకారం మాత్రం చేయను. టేపు పట్టుకుని మనిషిని ఇంటికే పంపుతాను.

సంతకాల రోజు మా ఆఫీసులో చిత్తు చదివి వినిపించాను. మనవడు తలాడించాడు. ఆమె ఆ వాక్యం దగ్గర ఆపి మళ్లీ చదవమంది. చదివాను.

“మూడంకణాలని రాసినావు కదా నాయనా,” అంది. “మళ్లీ ఆ అడుగులు ఎందుకు?”